డిస్కు నిండింది, పాత ఆర్కైవ్ ఫైళ్లు తీసేసినా జాగ రాలేదు: కమాండ్ లైన్‌ల నేను చేసేది ఇది

తమ్మీ, నువ్వు రాసింది మొత్తం చదివిన. 4 టీబీ డిస్కు వంద శాతం నిండింది, పాత పెండ్లిళ్ల ఆర్కైవ్ ఫైళ్లు 180 జీబీ దాకా తీసేసినవ్, అయినా జాగ లెక్క చూపే డీఎఫ్ కమాండ్ కొడ్తె ఇంకా వంద శాతమే చూపెడ్తుంది, ఉబుంటు సర్వర్, దానికి మానిటర్ లేదు, లాప్‌టాప్‌కెల్లి పుట్టీల, అంటే దూరంకెల్లి సర్వర్‌ల పని చేసే ప్రోగ్రాంల, కమాండ్లు కొట్టుడే, ఈ సీజన్ ఫైళ్లు ఇగ ఏడ పెట్టాలె అని అడిగినవ్. మాది హన్మకొండల పెండ్లి ఫోటోలు వీడియోలు తీసే స్టూడియో, మా బావది, అండ్ల కంప్యూటర్ల పని మొత్తం తొమ్మిదేండ్ల సంది నేనే చూస్తున్న. నీకు వచ్చిన కష్టం నాకు ఒకసారి కాదు నాలుగుసార్లు వచ్చింది, గందుకే జర పొడుగే రాస్త, ఓపిక చేస్కొని చదువు. కమాండ్లు ఫోన్ల చెప్పుకున్నట్టు రాస్తున్న, డాష్ అంటే అడ్డగీత, అది యాదికుంచుకో.

ముందు ఒక్క మాట, ఇది చదివేదాక ఇంకొక్క ఫైలు గూడ డిలీట్ కొట్టకు. జాగ ఎటు పోయిందో తెల్వకుండ తీసుకుంటపోతె, పోవాల్సింది పోదు, ఉండాల్సింది పోతది.

డీఎఫ్ చూసే లెక్క వేరు, డీయూ చూసే లెక్క వేరు. డీఎఫ్ ఏం చేస్తదంటే ఫైల్ సిస్టమ్‌నే సీదా అడుగుతది, నీ దగ్గర ఎన్ని బ్లాకులు, అంటే జాగ ముక్కలు, ఖాళీగ ఉన్నయని. డీయూ అట్ల కాదు, ఫోల్డర్ ఫోల్డర్ తిరిగి, కనబడ్డ ఫైలునల్లా లెక్కవెట్టి కూడుతది. డీఎఫ్ 3.4 టీబీ వాడుకున్నవ్ అంటది, డీయూ 3.1 అంటది అనుకో, ఆ 300 జీబీ కనబడకుండ ఎవరో పట్టుకొని ఉన్నట్టు లెక్క. ఎవరనేది పట్టుకునుడే సగం పని.

లైనక్స్‌ల ఆర్‌ఎమ్, అంటే ఫైలు తీసేసే కమాండ్, కొట్టంగనే ఫైలు పోదు, దాని పేరు మాత్రమే పోతది. ఏదన్న ప్రోగ్రాం ఆ ఫైలును తెరిచి పట్టుకొని ఉంటే, అది మూసేదాక డిస్కు మీద బ్లాకులు అట్లనే ఉంటయ్. ఇది చూడాలంటే ముందు సుడో, అంటే అడ్మిన్ అధికారం ఇచ్చే మాట, పెట్టి, తెరిచి ఉన్న ఫైళ్లు చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్ ప్లస్ ఎల్ 1 కొట్టు, అంటే ఎల్‌ఎస్‌ఓఎఫ్ రాసి, ఖాళీ ఇచ్చి, ప్లస్ గుర్తు, పెద్ద ఎల్, ఒకటి అంకె, ఈ మూడు కలిపి. వచ్చిన వరుసలల్ల ఆఖర్న డిలీటెడ్ అని ఉంటది, సైజు గూడ ఉంటది, ఏ ప్రోగ్రాం పట్టుకుందో దాని పేరు, నంబరు గూడ ఉంటయ్. మా దగ్గర ఒకసారి 90 జీబీ ఇట్లనే కనబడకుండ పోయింది, జూస్తె సాంబా, అంటే సర్వర్ ఫోల్డర్లను విండోస్ సిస్టమ్‌లకు పంచే ప్రోగ్రాం, పట్టుకొని ఉంది, ఎందుకంటే పై రూముల ఎడిటింగ్ చేసే పిల్లగాడు విండోస్ సిస్టమ్‌ల ఆ ప్రాజెక్టు తెరిచి పెట్టి, స్క్రీన్ బంద్ చేసి ఇంటికి పోయిండు. అతన్ని పిలిపించి సేవ్ కొట్టించి మూపిచ్చినంక ఒక్క నిమిషంల జాగ వచ్చింది. నువ్వు గూడ సాంబాను రీస్టార్ట్ కొట్టే ముందు ఎడిటింగ్ చేసేటోళ్లందరికి ఫోన్ చేసి సేవ్ చేస్కోమని చెప్పు, నడిమిట్ల కొడ్తె వాళ్ల పని పోతది.

ఎల్‌ఎస్‌ఓఎఫ్‌ల ఏం రాకపోతే చెత్తబుట్ట చూడు. చానమంది డీయూ డాష్ ఎస్‌హెచ్ స్టార్ అని కొడ్తరు, కాని స్టార్ అంటే చుక్కతోని మొదలయ్యే ఫోల్డర్లు అండ్ల రావు, అవి దాపుడు ఫోల్డర్లు. ఎవరన్న డెస్క్‌టాప్‌కెల్లి ఆ డిస్కు పెట్టుకొని డిలీట్ కొడ్తె ఫైళ్లు ఆ డిస్కు మీదనే చుక్క ట్రాష్ డాష్ 1000 అనే ఫోల్డర్లకు పోతయ్, 1000 అంటే మొదటి యూజర్ నంబరు. సాంబాల రీసైకిల్ ఆన్ చేసి ఉంటే చుక్క రీసైకిల్ అని ఇంకోటి తయారైతది. అందుకే స్టార్ పెట్టకు, డీయూ డాష్ ఎక్స్‌హెచ్, తర్వాత డాష్ డాష్ మ్యాక్స్ డాష్ డెప్త్ ఈక్వల్స్ 1, తర్వాత నీ ఫోల్డర్ దారి, తర్వాత పైపు గుర్తు, అంటే నిలువు గీత, పెట్టి సార్ట్ డాష్ హెచ్. పెద్దయన్నీ కిందికి వస్తయ్, దాపుడుయి గూడ కనబడ్తయ్. ఎక్స్ ఎందుకంటే వేరే డిస్కులల్లకు పోకుండ ఈ డిస్కు వరకే లెక్కవెడ్తది. మా చెత్తబుట్టల ఆరు నెలల పాత ప్రాజెక్టులు ఉన్నయ్ ఒకసారి, ఎవ్వలకు తెల్వదు.

మూడోది, నాకు దొరికేదాక రెండు రోజులు పట్టింది. నీ బ్యాకప్ డిస్కు ఏదో ఒక ఖాళీ ఫోల్డర్ మీద మౌంట్ అయితది, అంటే ఆ ఫోల్డర్‌ల కనబడేటట్టు ఎక్కుతది గదా. ఒకరోజు కేబుల్ లూజై ఆ డిస్కు మౌంట్ కాలేదనుకో, స్క్రిప్టుకు ఆ సంగతి తెల్వదు, అదే ఫోల్డర్ల రాసుకుంట పోతది, ఆ ఫోల్డర్ ఉన్నది సర్వర్ సొంత డిస్కు మీద. రేపు కేబుల్ సరిచేసి మౌంట్ చేస్తే, ఆ రాసిన ఫైళ్లు కింద కప్పవడి పోతయ్, డీయూకు కనబడయ్, డీఎఫ్ మాత్రం లెక్కల పట్టుకుంటది. చూడాలంటే మౌంట్ డాష్ డాష్ బైండ్‌తోని రూట్‌ను, అంటే స్లాష్ అనే అన్నింటికన్న పై ఫోల్డర్‌ను, ఇంకో ఖాళీ ఫోల్డర్ మీద మౌంట్ చేసి, అండ్లకు పోయి డీయూ కొట్టు, కింద ఉన్నది బయటవడ్తది.

నాలుగోది నీకు సరిగ్గ సరిపోయేటట్టుంది. ఈఎక్స్‌టీ 4 ఫైల్ సిస్టమ్ చేసినప్పుడు మామూలుగ 5 శాతం జాగ రూట్, అంటే అడ్మిన్ యూజర్, కోసమని పక్కకు పెడ్తది. 4 టీబీల 5 శాతం అంటే 200 జీబీ. డీఎఫ్‌ల సైజు 3.6 టీ అని, యూజ్డ్ 3.4 టీ అని, అవైల్ సున్నా అని వస్తే తేడా అదే. ఇంక 4 టీబీ కొన్నా 3.6 ఎందుకు చూపెడ్తదంటే, అమ్మేటోళ్లు 1000 లెక్కన లెక్కవెడ్తరు, డీఎఫ్ 1024 లెక్కన, అండ్ల మోసం ఏం లేదు. ఇగ అసలు సంగతి, నీ బ్యాకప్ స్క్రిప్టు రూట్ పేరు మీద నడుస్తుంటే అది ఆ పక్కకు పెట్టిన 5 శాతం గూడ నింపేస్తది. అప్పుడు నువ్వు ఎంత తీసినా మొదలు ఆ 200 జీబీ ఖాళీ కావాలె, అది ఖాళీ అయ్యేదాక అవైల్ గడి సున్నా కాడికెల్లి కదలదు. నువ్వు తీసింది 180, గందుకే నాకు ఇదే అనుమానం. అది ఒట్టి ఫైళ్లు పెట్టుకునే డిస్కే అయితే ట్యూన్‌టుఎఫ్‌ఎస్ డాష్ ఎమ్ 1 అని డిస్కు పార్టిషన్ పేరు ఇచ్చి కొట్టు, 5 శాతం ఒక శాతానికి దిగుతది, ఫైళ్లకు ఏం కాదు, అన్‌మౌంట్ గూడ చెయ్యనక్కర్లేదు, పక్కకు పెట్టిన 200 జీబీ 40 అయితది, నువ్వు తీసిన 180 ల 140 జీబీ దాకా అప్పటికప్పుడు చేతికొస్తది. ఉబుంటు ఉన్న డిస్కుకు మాత్రం ఇది చెయ్యకు, నిండిపోయిన రోజు లోపలికి లాగిన్ అయ్యేటందుకు ఆ జాగనే ఆధారం.

సిస్టమ్ లాగులు తగ్గించే జర్నల్‌సీటీఎల్ వ్యాక్యూమ్, దింపుకున్న ప్యాకేజీ ఫైళ్లు తీసే ఆప్ట్ క్లీన్ అని అందరు చెప్తరు, చెయ్యి, తప్పేం లేదు, కాని అవి ఉబుంటు డిస్కు మీద ఒకటి రెండు జీబీ ఇస్తయ్ అంతే. జర్నల్ తనకు తానే 4 జీబీ దాటదు. నీ ఆర్కైవ్ డిస్కుకు దానితోని వచ్చేది ఏం లేదు.

ఇగ జాగ ఏడికి పోయిందో తెలిసినంక, నిజంగనే ఫైళ్లు ఎక్కువున్నయ్ అంటే ఏం చెయ్యాలె. నువ్వు అన్నింటిని జిప్ కొడ్త అని రాసినవ్. వద్దు. జేపెగ్ ఫోటోలు, కెమెరాల వచ్చిన వీడియోలు ముందే కుదించి ఉన్నయ్, వాటిని జీజిప్ కొట్టినా, ఎక్స్‌జెడ్ కొట్టినా నూటికి ఒకటి రెండు తగ్గితె గొప్ప, రాత్రంత ప్రాసెసర్ కాలుడే మిగుల్తది. మేము 2024 మేడారం జాతరల నాలుగు రోజులు తీసిన వీడియో మొత్తాన్ని ఎక్స్‌జెడ్ కొట్టిచ్చినం, పొద్దుగాల జూస్తె 640 జీబీది 634 అయ్యింది. టార్ ఒక్కటి కొట్టుకో, కుదించకుండ, చిన్నచిన్న వేల ఫైళ్లు ఒక్క ఫైలైతె కాపీ జల్ది అయితది. కుదించితె లాభం ఉండేవి వేరే, వేవ్ ఆడియోలను ఫ్లాక్ చేస్తే సగం దాక తగ్గుతయ్, సౌండు ఒక్క చుక్క పోదు, ఆల్బమ్ పీఎస్‌డీలు, కుదించని టిఫ్‌లు జెడ్‌స్టాండర్డ్ అనే కుదించే కమాండ్‌తోని మంచిగ తగ్గుతయ్.

మాకు అన్నింటికన్న ఎక్కువ జాగ ఇచ్చింది ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు తయారుచేసుకునే క్యాష్, ప్రాక్సీ, రెండర్ ఫోల్డర్లు, అంటే పని జల్ది నడిచేటందుకు పెట్టుకునే తాత్కాలిక కాపీలు. అసలు వీడియో ఉన్నంత కాలం అవి మళ్ల తయారైతయ్, డెలివరీ ఇచ్చిన పెండ్లికి వాటితోని పని లేదు. ఫైండ్‌తోని డాష్ టైప్ డీ, డాష్ ఐనేమ్ ఇచ్చి స్టార్ క్యాష్ స్టార్ అని వెతుకు, ముందు పేర్లు మాత్రమే చూడు, ఒక్కొక్కటి డీయూ కొట్టి ఏముందో కండ్లతోని చూసినంకనే తీసెయ్. ఫైండ్‌ల డాష్ డిలీట్ వాడితె అది ఎప్పుడైన ఆఖర్న ఉండాలె, ఎందుకంటే ఫైండ్ ఎడమకెల్లి కుడికి చదువుతది, డిలీట్ ముందుకొచ్చిందంటే పేరు, తారీఖు చూడకముందే అన్నీ కొట్టేస్తది. మాకు మూడేండ్ల పెండ్లిళ్లల్ల ఇట్ల 500 జీబీ దాటి వచ్చింది. ఇంకోటి, ఒకే మెమరీ కార్డును ఇద్దరు పిల్లలు రెండుసార్లు దింపిన కాపీలు, కార్డ్ 2, కార్డ్ 2 న్యూ అని. జేడూప్స్ గాని ఎఫ్‌డూప్స్ గాని పెట్టు, సైజు చూసి, హ్యాష్, అంటే ఫైలు లోపలిదాన్నిబట్టి వచ్చే గుర్తు సంఖ్య, చూసి, ఆఖర్న బైటు బైటు పోల్చి చెప్తయ్, పేరు మారినా పట్టుకుంటయ్.

ఇవి చేసినంక మిగిలినయ్ బయటి హార్డ్ డిస్కుకు దింపాలె, ఇక్కడ్నే నేను చేసిన తప్పు చెప్తా, నువ్వు చెయ్యొద్దని. ఆర్నెల్లకోసారి పాత పెండ్లిళ్లను టార్ కొట్టి అసలు ఫోల్డర్ తీసేసే స్క్రిప్టు ఒకటి రాసిన, రాత్రి రెండింటికి క్రాన్‌ల, అంటే టైముకు తనంతట తానే నడిపే దాంట్ల, నడిచేది. అండ్ల టార్ కమాండ్, తర్వాత సెమికోలన్, తర్వాత ఆర్‌ఎమ్. ఆ రాత్రి బయటి డిస్కుల జాగ లేదు. టార్ సగంల నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్ అని ఆగింది. సెమికోలన్‌కు ముందు కమాండ్ గెలిచిందా ఓడిందా అని పట్టింపు లేదు, తర్వాతి కమాండ్ నడుస్తది, ఆర్‌ఎమ్ నడిచింది. పొద్దుగాల ఒక పెండ్లి ఫోల్డర్ లేదు, 61 జీబీ ఉండాల్సిన టార్ 38 జీబీ కాడ ఆగింది. ఫోల్డర్లు నంబరు వేసి ఉన్నయ్, 01 ఎదుర్కోళ్లు, 02 జీలకర్రబెల్లం, 03 తలంబ్రాలు, 04 విందు, 05 నాగెల్లి, 06 అప్పగింతలు, టార్ ఆ వరుసలనే పోయింది గాబట్టి నాలుగు దాక దొరికినయ్, నాగెల్లి, అప్పగింతలు పోయినయ్. ఎడిటింగ్ ఇంక కాలేదు, హైలైట్స్ ఒక్కటే ఇచ్చినం. ఆ డిస్కును అప్పుడే ఆపి ఫోటోరెక్, అంటే పోయిన ఫైళ్లు వెతికే ప్రోగ్రాం, నడిపిన, రెండు రోజులు, వచ్చినయ్ చిన్నచిన్న ముక్కలు, కొన్నింటికి సౌండే లేదు. పెండ్లిపిల్ల వాళ్లమ్మ నర్సంపేటకెల్లి బస్సుల వచ్చింది. ఏం అనలేదు ఆమె, ఆ ముక్కలే కూసొని చూసింది, బిడ్డ చెయ్యి వియ్యంకుల చేతుల పెట్టే కాడ 14 సెకన్ల ముక్క ఉంది, దాన్ని మళ్లమళ్ల పెట్టుమన్నది. పైసలు వాపస్ ఇచ్చినం, అది వేరే, ఆమె కూసున్న కుర్సీ చూస్తే నాకు ఇప్పటికి గదే యాదికొస్తది.

అప్పట్సంది మా దగ్గర పద్ధతి ఇట్ల నడుస్తుంది. మొదలు సర్వర్ మీద టీమక్స్, అంటే లైను తెగినా పని నడిపించే ప్రోగ్రాం, తెరుస్త, అండ్లనే పని మొత్తం చేస్త, కరెంటు పోయి లాప్‌టాప్ వైఫై పోయినా సర్వర్ మీద కాపీ ఆగదు, సర్వర్ ఇన్వర్టర్ మీద ఉంది గాబట్టి. ఎండకాలంల ఇది లేకుంటే నడవదు. తర్వాత మౌంట్‌పాయింట్ డాష్ క్యూ అని డిస్కు ఫోల్డర్ పేరు ఇస్త, అది డిస్కు నిజంగ ఎక్కి ఉంటేనే అవునంటది, దాని తర్వాత రెండు ఆంపర్‌సండ్‌లు, అంటే ముందుది గెలిస్తేనే తర్వాతిది నడుస్తది. సెమికోలన్ మా స్క్రిప్టులల్ల ఎక్కడా ఆర్‌ఎమ్ ముందు ఉండదు. పైపు వాడితె ఇంకో చిక్కుంది, టార్‌ను జెడ్‌స్టాండర్డ్‌లకు పంపితె, టార్ ఓడిపోయినా జెడ్‌స్టాండర్డ్ గెలిస్తే మొత్తం గెలిచినట్టే లెక్క వస్తది, అందుకే స్క్రిప్టు పైన సెట్ డాష్ ఓ పైప్‌ఫెయిల్ అని రాయాలె.

కాపీకి ఆర్‌సింక్ డాష్ ఏ వాడ్త, డాష్ డాష్ ఇన్ఫో ఈక్వల్స్ ప్రోగ్రెస్2 పెడ్తె ఎంతయ్యిందో కనబడ్తది. ఫోల్డర్ పేరు ఆఖర్న స్లాష్ ఉంటే లోపలియి పోతయ్, లేకుంటే ఫోల్డర్‌తో సహా పోతది, ఇది చూస్కో. డిస్కును యూఎస్‌బీ 3 పోర్టుకే పెట్టు, నీలం రంగుది, పాత యూఎస్‌బీ 2 కు పెడ్తె సెకనుకు 35 ఎంబీ మించదు, 1 టీబీకి ఎనిమిది గంటలు పడ్తది, నీలందాంట్ల రెండున్నర మూడు గంటలల్ల అయిపోతది. డిస్కు ఫ్యాట్32 ఫార్మాట్‌ల ఉంటే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, మన వీడియోలు చానవరకు దాటుతయ్, కాబట్టి ముందే ఈఎక్స్‌టీ 4 చేస్కో, విండోస్‌ల గూడ చూడాలంటే ఎక్స్‌ఫ్యాట్.

కాపీ అయ్యింది అనంగనే తీసెయ్యను. కాపీకి ముందే అసలు ఫోల్డర్ల ఫైండ్ డాష్ టైప్ ఎఫ్ డాష్ ప్రింట్0, పైపు, ఎక్స్‌ఆర్గ్స్ డాష్ 0, ఒక్కో ఫైలు హ్యాష్ తీసే షా256సమ్ పెట్టి ఒక లిస్టు రాయించుకుంట, 0 ఎందుకంటే మన ఫోల్డర్ పేర్లల్ల అన్నీ ఖాళీలే ఉంటయ్. కాపీ అయినంక డిస్కును అన్‌మౌంట్ చేసి, తీసి, మళ్ల పెట్టి, అప్పుడు ఆ డిస్కు మీద షా256సమ్ డాష్ సీ కొడ్త, డాష్ డాష్ క్వైట్ పెడ్తె తేడా ఉన్నయ్ మాత్రమే చూపెడ్తది. తీసి పెట్టుడు ఎందుకంటే లేకుంటే మెమరీల ఉన్న కాపీనే చదివి ఓకే అంటది, డిస్కు మీద ఏం వడ్డదో తెల్వదు. రెండో డిస్కుకు గూడ ఇదే. ఒక డిస్కు స్టూడియోల, ఒకటి బావ వాళ్లింట్ల కాజీపేటల. రెండు డిస్కులల్ల సరిచూసినంకనే సర్వర్ మీద ఆర్‌ఎమ్, అది గూడ క్రాన్‌ల కాదు, నేను కూసొని చేత్తోని కొడ్త. ఆషాఢంల పెండ్లిళ్లు ఉండయ్ గదా, ఈ పని మొత్తం మేము ఆ నెలల పెట్టుకుంటం, శ్రావణం వచ్చేవరకు సర్వర్‌ల 1 టీబీ ఖాళీ ఉండాలె అని లెక్క.

నువ్వు ఇప్పటికిప్పుడు చెయ్యాల్సింది, డీఎఫ్ డాష్ హెచ్ కొట్టి ఆర్కైవ్ డిస్కు వరుస మొత్తం, సుడో ఎల్‌ఎస్‌ఓఎఫ్ ప్లస్ ఎల్ 1 ల వచ్చింది, పైన చెప్పిన డీయూల ఆఖరి పది వరుసలు, ఈ మూడు ఇక్కడ్నే పెట్టు. నువ్వు తీసేసిన 180 జీబీ ఆర్‌ఎమ్‌తోని తీసినవా, విండోస్‌కెల్లి తీసినవా అది గూడ రాయి. రాత్రి తొమ్మిది దాటినంక స్టూడియో బంద్ అయితది, అప్పుడు చూసి చెప్తా.